ప్రిటోరియాలో ఉరి, పల్నాడులో వెలి

1985 అక్టోబరు 18న దక్షిణాఫ్రికాలోని ప్రిటోరియా జైల్లో బెంజమిన్ మొలాయిసీని ఉరి తీశారు. ముప్పయ్యేళ్ళవాడు. సోఫాలకూ కుర్చీలకూ గుడ్డ కుట్టే పని చేసేవాడు, కవిత్వం రాసేవాడు. ఒక పోలీసును చంపిన కేసులో శిక్ష వేశారు. ఆపమని ఎన్నో దేశాలు అడిగాయి. ఆపలేదు. ఆ ఉరికీ, ఆ చలికాలం పల్నాడులో మా పల్లెను వెలివేయడానికీ నేరుగా సంబంధం ఉంది. అదంతా కళ్ళారా చూసినవాళ్ళలో రాయగలిగినవాళ్ళం కొద్దిమందిమి, వాళ్ళలో మిగిలినవాళ్ళం ఇంకా తక్కువ. అందుకని రాస్తున్నాను. ఊరి పేరు రాయను. మావాళ్ళ పిల్లలు ఇప్పటికీ అక్కడే పనులు చేసుకుని బతుకుతున్నారు. గురజాలకూ మాచర్లకూ మధ్య ఒక ఊరు అనుకుంటే చాలు.

అప్పట్లో నేను నరసరావుపేటలో డిగ్రీ చదువుతున్నాను. సాంఘిక సంక్షేమ హాస్టల్లో ఉండేవాణ్ణి. దక్షిణాఫ్రికా నల్లవాళ్ళ తరఫున మాట్లాడటానికి పేటలో ఎవరూ జంకాల్సిన పనిలేదు. మన ప్రభుత్వమే వాళ్ళ పక్షాన ఉంది. 1946లోనే ఆ దేశంతో వ్యాపారం తెంచుకున్నాం. మన పాస్‌పోర్టు ఆ దేశానికి చెల్లేది కాదు. 1974లో డేవిస్ కప్పు ఫైనల్లో ఎదుట ఉన్నది దక్షిణాఫ్రికా అని, మనవాళ్ళు ఆడకుండా కప్పునే వదులుకున్నారు. మండేలాకు 1979 సంవత్సరానికి నెహ్రూ అవార్డు ఇచ్చాం. ఆయన జైల్లో ఉంటే ఆయన సహచరుడు ఆలివర్ టాంబో వచ్చి అందుకున్నాడు. కాబట్టి మొలాయిసీకి సంతాప సభ పెడతాం, మండేలా విడుదలకు సంతకాలు సేకరించి ఐక్యరాజ్యసమితికి పంపుతాం అని మేం విద్యార్థులం బయలుదేరితే అందరూ మెచ్చుకున్నారు. మైకు సెట్టు అద్దె లేకుండా ఇచ్చారు. రైసు మిల్లులవాళ్ళు, ఎరువుల కొట్లవాళ్ళు చందా రాశారు.

మూడు నెలల ముందు ఇదే బజార్లో మేం వేరే డబ్బా పట్టుకుని తిరిగాం. జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగల్ని చంపారు. మంచినీళ్ళ చెరువు దగ్గర గేదెల్ని కడిగిన మురికినీళ్ళ గురించి అడిగినందుకు మొదలైన గొడవ అది. ఊరు విడిచి వచ్చినవాళ్ళు చీరాలలో శిబిరంలో ఉంటే, హాస్టల్ పిల్లలం కొందరం బియ్యం మూటలు తీసుకుని వెళ్ళాం. అక్కడ కత్తి పద్మారావు, బొజ్జా తారకం మాట్లాడుతుంటే విన్నాం. సెప్టెంబరులో దళిత మహాసభ పుట్టింది. ఆ బియ్యం కోసం చందా అడిగితే, "వచ్చే నెల కనపడండి" అన్న కొట్టుకే అక్టోబరులో మళ్ళీ వెళ్ళాను. మండేలా పేరు చెప్పగానే గల్లాపెట్టె తెరిచి పది రూపాయల నోటు తీసిచ్చారు. ఆ నోటు తీసుకుంటున్నప్పుడు నా ముఖం మండిపోయింది. అయినా తీసుకున్నాను. ఆ డబ్బు మొలాయిసీది.

దీపావళి సెలవలకి ఎవరి ఊళ్ళో వాళ్ళు సంతకాలు సేకరించాలని సంఘంలో అనుకున్నాం. సైక్లోస్టైల్ తీసిన రెండు పేజీల కరపత్రం, గీతలు గీసిన కాగితాలు సంచిలో పెట్టుకుని ఊరికి పోయాను. ముందు ఊళ్ళో తిరిగాను. మా నాయన పాలేరుగా ఉన్న ఆసామి అరుగు మీద కూర్చుని కరపత్రం మొదటి నుంచి చివరిదాకా చదివాడు. "మనిషి రంగు జూసి మనిషిని దూరం పెట్టటమేందిరా, అన్యాయం గాదూ?" అని, జేబులో పెన్ను తీసి మొదటి వరసలో సంతకం పెట్టాడు. కాగితాన్ని తిన్నె మీద పెట్టాడు, నేను అక్కడి నుంచి తీసుకున్నాను. చేతికి ఇవ్వలేదు. ఊళ్ళో ఇరవై ముప్పై సంతకాలు అలాగే తిన్నెల మీద నుంచి తీసుకున్నాను.

ఆ సాయంత్రం మా మాదిగపల్లెలో, చర్చిలో కూర్చున్నాం. మాది లూథరన్ సంఘం. మా పాస్టరు అయ్యగారు చాలా నెమ్మదైన మనిషి, పత్రికలు వదలకుండా చదివేవారు. ఆయన దగ్గర విన్న తర్వాతే నాకు తెలిసింది: ప్రపంచ లూథరన్ సమాఖ్య 1977లోనే దారెస్సలాంలో కూడి, వర్ణవివక్షను ఎదిరించడం రాజకీయం కాదు విశ్వాసమే అని తీర్మానించింది. 1984లో బుడాపెస్ట్ మహాసభలో, ఆ మాట వినని తెల్లవాళ్ళ సంఘాల్ని సభ్యత్వం నుంచి పక్కన పెట్టింది. ఆ ఏడే బిషప్ డెస్మండ్ టుటుకు నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. టుటు ఫొటో ఉన్న పత్రిక ముక్కను అయ్యగారు బైబిల్లో దాచుకున్నారు. అది చేతులు మారుతూ ఆడవాళ్ళ వరసలోకి పోయింది. ఒక చిన్నమ్మ దాన్ని పెట్రోమాక్స్ లైటు దగ్గరకు తీసుకెళ్ళి, "మనోడిలాగే ఉండాడే" అంది.

నేను కరపత్రంలో ఉన్నది చెప్పాను. 1960 మార్చి 21న షార్ప్‌విల్లో పోలీసులు 69 మందిని కాల్చి చంపిన సంగతి, 1976 జూన్ 16న సొవేటోలో బడిపిల్లల మీద కాల్పులు జరిపిన సంగతి, 1962 నుంచి జైల్లో ఉన్న మండేలా సంగతి. ఆ ఫిబ్రవరిలోనే షరతు మీద విడుదల చేస్తామంటే ఆయన కాదన్న సంగతి. కాసేపటికి ప్రశ్నలు మొదలయ్యాయి, నేను రాసుకున్న కాగితం పక్కన పెట్టాల్సొచ్చింది.

మా నాయనమ్మే మొదట అడిగింది. "వాళ్ళకి భూముందా నాయనా?"

1913లో చట్టం చేసి నూటికి 7 వంతుల భూమి మాత్రం నల్లవాళ్ళకు వదిలారని, 1936లో 13 వంతుల దాకా పెంచుతామన్నారని, జనం మాత్రం నూటికి 70కి పైగా వాళ్ళేనని చెప్పాను.

"పదమూడన్నా ఉందే" అంది నాయనమ్మ. చర్చిలో కూర్చున్నవాళ్ళలో సెంటు భూమి ఉన్నవాళ్ళు లేరు.

తర్వాత నీళ్ళ గురించి అడిగారు. పంపులు వేరా? వేరే. బస్సులు? వేరే. కూర్చునే బల్లలు? అవీ వేరే. 1953లో దానికీ ఒక చట్టం చేశారు. వేరుగా పెట్టొచ్చు, రెండూ ఒకే తీరుగా ఉండనక్కర్లేదు అని అందులోనే రాసుకున్నారు. వెనక నుంచి మా బాబాయి కొడుకు లేచాడు. సున్నపురాయి లారీల మీద పనిచేసేవాడు. "మరి మనకాడ గూడా చట్టం రాసుకున్నారా అన్నా?" అన్నాడు. లేదు, మన రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది, 1955లో దాన్ని నేరం చేస్తూ చట్టం వచ్చింది అని చెప్పాను. "అయితే హోటల్లో గళాసు ఎవురు జెప్తే చూర్లో బెట్టారు?" అన్నాడు.

దానికి నేను జవాబు చెప్పలేదు. అందరికీ తెలిసినదే.

సంతకాలు వచ్చినవాళ్ళు తక్కువ. వేలిముద్రలకు సిరాదిమ్మ లేదు. మా అమ్మ పొయ్యి వెనక గోడకు పట్టిన మసి చేత్తో తీసి, ఆముదంలో రంగరించి, మూకుట్లో పోసుకొచ్చింది. ఒక్కొక్కరు వచ్చి బొటనవేలు ముంచి కాగితం మీద పెట్టి వెళ్ళారు. నూనె ఎక్కువైన చోట ముద్ర చుట్టూ పసుపుపచ్చటి మరక పాకింది.

హోటల్ సంగతి ఇప్పటి పిల్లలకు తెలియదు కాబట్టి చెప్పాలి. లోపల బల్లలు, గాజు గ్లాసులు. బయట తాటాకు చూరు కింద వెదురులో రెండు గ్లాసులు బోర్లించి ఉండేవి. ఒకటి మాలలకు, ఒకటి మాదిగలకు. మనమే తీసుకుని, కుండలో నీళ్ళతో కడుక్కుని, కింద నేల మీద పెట్టి దూరంగా నిలబడితే, ఆయన పైనుంచి టీ పోసేవాడు. డబ్బులు గడప మీద పెట్టాలి. తాగి, మళ్ళీ కడిగి, మళ్ళీ చూర్లో పెట్టాలి. మా నాయన పుట్టినప్పటి నుంచీ ఇదే పద్ధతి.

మర్నాడు పొద్దున మా బాబాయి కొడుకు, ఇంకో ముగ్గురు కుర్రాళ్ళు, నేను వెళ్ళాం. వాళ్ళు నన్ను అడిగి వెళ్ళలేదు. రాత్రే నిర్ణయించుకున్నారు, నేను వాళ్ళతో వెళ్ళాను.

"ఏందిరా గడప కాడికొచ్చారు? మీ గళాసు చూర్లో ఉందిగా."

"లోపల గళాసులో పొయ్యండి. డబ్బులు అందరిచ్చినట్టే ఇస్తన్నాం."

అంతే జరిగింది మా వైపు నుంచి. బల్లల మీద కూర్చున్నవాళ్ళు లేచారు. పొయ్యిలో పెట్టే సరుగుడు కట్టెలతో కొట్టారు. నాకు ఎడమ చెవి మీద తగిలింది. ఆ చెవి ఇప్పటికీ సరిగా వినపడదు. మా బాబాయి కొడుకు ముంజేయి విరిగింది. చూర్లో ఉన్న రెండు గ్లాసుల్నీ వాళ్ళే లాగి నేలకేసి కొట్టి, "ఇంక మీకిది గూడా లేదు" అన్నారు.

పోలీసు స్టేషన్లో 1955 చట్టం కింద కేసు రాయమని అడిగాం. కొట్లాట కేసు రాసుకున్నారు, మా మీద కూడా రాశారు. చీరాల నుంచి ఒక వకీలు వచ్చి కూర్చున్నాక చట్టం నంబరు మారింది. మేం ఇంటికి వచ్చేటప్పటికి చాటింపు మొదలైంది.

ఆ చాటింపు గురించి తలుచుకుంటే ఇప్పటికీ నాకు నిద్ర పట్టదు. ఊరి డప్పు మా పెదనాన్నది. ఊళ్ళో ఏ కబురైనా ఆయనే చాటాలి. పెద్దలు పిలిపించి ఏం చాటాలో చెప్పారు. ఆయన కాళ్ళు పట్టుకున్నాడట. కుదరదన్నారు. మా పల్లె వాళ్ళను ఎవరూ పనికి పిలవగూడదు, అంగట్లో సరుకియ్యగూడదు, బోరు కాడికి రానియ్యగూడదు, పొలాల్లో కాలు పెట్టనియ్యగూడదు, మాట తప్పినోళ్ళకి ఐదొందలు తప్పు. ఆ మాటలు ఆయన నోటితోనే చెప్పించారు. ఊరంతా చాటాక చివర మా పల్లె మొదట్లోకి వచ్చి, తన ఇంటి ముందే నిలబడి, తన కోడలూ మనవలూ వింటుండగా డప్పు కొట్టి చెప్పాడు. తర్వాత డప్పును ఇంట్లో పెట్టి పందిట్లో పడుకున్నాడు. రెండు పూటలు అన్నం తినలేదు.

పొలాల్లో కాలు పెట్టనివ్వకపోవడం అంటే ఏమిటో ఆడవాళ్ళకు తెలుసు. పల్లె చుట్టూ ఉన్నది ఆసాముల పొలాలే. బయటికి వెళ్ళాలంటే చోటు లేదు. తెల్లవారక ముందు అరమైలు నడిచి తారురోడ్డు పక్కకు పోయేవారు, లారీ లైటు పడినప్పుడల్లా లేచి నిలబడేవారు. పల్లె బావిలో నీళ్ళు ఉప్పన, పప్పు ఉడకదు. పల్నాడులో నేల నీళ్ళు ఎలాంటివో అందరికీ తెలుసు, ఫ్లోరైడు పళ్ళ మీదే కనపడుతుంది. మంచినీళ్ళకు సాగర్ కాలువ దాకా పోయేవాళ్ళు. రామారావు గారి రెండు రూపాయల బియ్యం అప్పటికి వచ్చి రెండేళ్ళు దాటింది. ఆ బియ్యం మా కార్డులకు మాత్రం "స్టాకు రాలేదు" అనేవారు. మాలపల్లెను కూడా మాతో కలవొద్దన్నారు. అయినా వాళ్ళలో రెండు మూడు ఇళ్ళవాళ్ళు రాత్రిపూట జొన్నలు తెచ్చి గోడ మీద పెట్టి పోయేవారు. ఆ ఇళ్ళ పేర్లు నేను ఎప్పుడూ ఎక్కడా చెప్పలేదు.

పత్తి తీతల కాలం అది. ఏడాదిలో నాలుగు రూపాయలు కళ్ళచూసే కాలం. కాయ పగిలి తెల్లగా కనపడుతున్న చేలు ఇంటి ముందే ఉన్నాయి, పోవడానికి లేదు.

మా నాయనను ఆసామి పిలిపించాడు. మండేలా కాగితం మీద మొదటి సంతకం పెట్టిన మనిషే. "నీ కొడుకు చేత నలుగుర్లో తప్పయిందని చెప్పించు. నీ ఇంటి వరకు నే జూసుకుంటా" అన్నాడు. మా నాయన ఆయన దగ్గర చిన్నప్పటి నుంచి జీతం ఉన్నాడు. అప్పు ఉంది. "వాడు తప్పు చెయ్యలేదయ్యా. అప్పు ఎంతుందో రాసివ్వండి, తీరుస్తా" అన్నాడు. ఇంటికొచ్చి చెర్నకోల గోడకు తగిలించి, "సున్నం బట్టీలకి పోదాం పదండి" అన్నాడు. ఆయన నోటి నుంచి దక్షిణాఫ్రికా అనే మాట నేను ఎప్పుడూ వినలేదు. ఆ రోజు ఆయన చేసినదాన్ని మించిన మద్దతు ఆఫ్రికాకు పల్నాడులో ఎవరూ ఇవ్వలేదని నా నమ్మకం.

పిడుగురాళ్ళ బట్టీల్లో మగవాళ్ళమూ, కొందరు ఆడవాళ్ళూ చేరాం. కాలేజీ ఆ ఏటికి అయిపోయింది. బట్టీలో ఒక వరస రాయి, ఒక వరస బొగ్గు పోస్తారు. కింద నుంచి కాలిన రాయి తీయాలి. బయటికి తీశాక నీళ్ళు చల్లితే అది బుస్సున పొంగి పిండి అవుతుంది. ఆ ఆవిరి కళ్ళలోకి పోతే రాత్రంతా మంట. చెమట పట్టిన చర్మం మీద సున్నం పడితే అక్కడే కాలుతుంది. వేళ్ళ సందులు పగిలి, అన్నం ముద్ద కలుపుకోవడానికి చేయి వచ్చేది కాదు. మా అమ్మ మాకు ముద్దలు కలిపి పెట్టేది, తన చేతులూ అట్లాగే ఉండేవి. తట్ట మోసే ఆడవాళ్ళు తల మీద గోనెపట్టా వేసుకున్నా జుట్టు ఎర్రబడి రాలిపోయింది. మా చెల్లెలి జుట్టు మళ్ళీ మునుపటిలా రాలేదు. మేం వెలిపడి వచ్చామని మేస్త్రీకి తెలుసు, కూలి తక్కువ కట్టాడు.

డిసెంబరులో కారంపూడి వీర్ల తిరునాళ్ళు వచ్చాయి. పల్నాటివాళ్ళకు చెప్పక్కర్లేదు. బ్రహ్మనాయుడు మాచర్లలో అన్ని కులాలవాళ్ళనీ ఒకే చాప మీద కూర్చోబెట్టి చాపకూడు పెట్టాడని, మాల కన్నమదాసును కొడుకుగా చేసుకున్నాడని ఎనిమిది వందల ఏళ్ళుగా చెప్పుకునే నేల ఇది. ఆ ఏడు కూడా చాపకూడు జరిగింది. మా ఊరి నుంచి పెద్దలు బండ్లు కట్టుకుని వెళ్ళారు. పల్లెలో మేం వెలిలో ఉన్నాం. ఇప్పటికీ వేదికల మీద చాపకూడు గురించి ఎవరైనా గర్వంగా మాట్లాడితే నేను లేచి వచ్చేస్తాను.

క్రిస్మస్‌కు ముందు నాయనమ్మ పోయింది. పెద్ద వయసే, జబ్బూ ఉంది. కానీ ఆ ఉప్పునీళ్ళకూ, ఆ చలికీ, ఆ తిండికీ ముందే పోయిందని మా నాయన చివరిదాకా అనేవాడు. కబురు అంది మేం బట్టీ నుంచి రాత్రికి వచ్చాం. ఊళ్ళో వడ్రంగి పెట్టె చేయనన్నాడు. తప్పు కట్టాలి గదా, ఆయన్ను అనేదేముంది. చాపలో చుట్టి మంచం మీదే తీసుకెళ్ళాలనుకున్నాం. మా సమాధుల దొడ్డికి దారి ఆసామి మిరప చేను పక్క డొంకలో ఉంది. డొంకకు అడ్డంగా తుమ్మకంప కొట్టి వేశారు. మనిషి ఎత్తున. అవతల నలుగురు కర్రలు పట్టుకుని నిలబడ్డారు. స్టేషన్ నుంచి వచ్చిన కానిస్టేబులు మమ్మల్నే పక్కకు తీసుకుపోయి, "ఎందుకయ్యా గొడవ, వాగులోంచి పొండి" అన్నాడు.

వాగులోంచే పోయాం. డిసెంబరు వాగు, మోకాళ్ళ దాకా నీళ్ళు, కొన్ని చోట్ల నడుం దాకా. కింద నాపరాయి, పాచి పట్టి జారుతుంది. మంచం నాలుగు కోళ్ళూ భుజాల మీద పెట్టుకుని, కాలు ఆనిన తర్వాతే రెండో కాలు ఎత్తుతూ నడిచాం. చేయి విరిగిన మా బాబాయి కొడుకు ముందు నడుస్తూ, కర్రతో లోతు చూసి చెప్పాడు. ఒక చోట నా కాలు జారి మంచం నా వైపు ఒరిగింది. నాయనమ్మ కాళ్ళు చాపలోంచి బయటికి వచ్చి నీళ్ళకు తగిలాయి. మా అమ్మ గబగబా వచ్చి తన చెంగుతో ఆ కాళ్ళు తుడిచి, మళ్ళీ చాపలో సర్ది, "పదండి" అంది. అయ్యగారు లుంగీ ఎగ్గట్టుకుని మాతోపాటే నీళ్ళలో నడిచారు. అవతలి గట్టు ఎక్కి దొడ్డిలోకి పోయి పాతిపెట్టేసరికి మధ్యాహ్నం దాటింది. ఆమె వేలిముద్ర నా సంచిలో ఉన్న కాగితం మీద మొదటిది.

ఆ కాగితాలు నేను జనవరిలో గురజాల పోస్టాఫీసు నుంచి పంపాను. ఊరి కాగితం, పల్లె కాగితం రెండూ. ఆసామి సంతకం ఉన్నది చించేయమని కుర్రాళ్ళు అన్నారు. నేను ఒప్పుకోలేదు. ఆ సంతకం మండేలా కోసం పెట్టింది, దాన్ని చించే హక్కు నాకు లేదు.

వెలి ఎత్తేసింది జాలితో కాదు. ట్రాక్టర్ల మీద బయటి నుంచి కూలీలను తెస్తే పత్తి వరకు సరిపోయారు. మిరప కోతలకు సరిపోలేదు. పండిన కాయ చెట్టు మీద ఆగదు. అప్పటికి దళిత సంఘాలవాళ్ళు రావడం, పేపర్లో రావడం, ఆఫీసర్లు వచ్చి ఊళ్ళో కుర్చీలు వేసుకుని కూర్చోవడం అయింది. రాజీ కాగితం రాశారు. పనులు, నీళ్ళు, దారి మామూలుగా ఉంటాయి, మేం కేసు వెనక్కి తీసుకోవాలి. నేనూ, మా బాబాయి కొడుకూ, చాలామంది ఆడవాళ్ళూ వద్దన్నాం. పెద్దలు మా మాట వినలేదు. పిల్లలున్న ఇళ్ళు అవి. నేను ఇప్పటికీ వాళ్ళను తప్పుపట్టను. హోటలు మూసేశారు. కొన్నాళ్ళకు బస్సుల రోడ్డు మీద వేరేవాళ్ళు పెట్టారు, అక్కడ గ్లాసులు ఒకటే.

1986 సెప్టెంబరులో హరారేలో అలీన దేశాలు కూడి, దక్షిణాఫ్రికా చుట్టుపక్కల దేశాలకూ అక్కడి పోరాటానికీ సాయంగా ఆఫ్రికా నిధి పెట్టాయి. దాన్ని నడిపే బాధ్యత మన దేశానిదే. తర్వాతి ఏడు నేను మళ్ళీ కాలేజీలో చేరి, మళ్ళీ డబ్బా పట్టుకుని పల్లెకు వచ్చాను. ఎవరూ వద్దనలేదు. మిరప కోతల కూలి డబ్బుల్లోంచి ఇంటికో రూపాయి వేశారు. మా పెదనాన్న రెండు వేశాడు.

1990 ఫిబ్రవరి 11 ఆదివారం. మండేలా బయటికొచ్చాడని ఆ రాత్రి రేడియోలో విన్నాం. అయ్యగారు చర్చి గంట కొట్టించారు. అప్పటికి నేను ఉద్యోగంలో చేరి ఊరికి వచ్చి ఉన్నాను, ఆ గంట విన్నాను. మరుసటి ఏడు ఆగస్టు 6న అప్పటి మా గుంటూరు జిల్లాలోనే చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని నరికి చంపారు.

ఐక్యరాజ్యసమితికి పంపిన ఆ కాగితాలు ఎవరి బల్ల మీదికి పోయాయో నాకు తెలియదు. కానీ అక్కడ ఇలాంటి పనికోసమే ఉన్న వర్ణవివక్ష వ్యతిరేక కేంద్రాన్ని 1976 నుంచి కొన్నేళ్ళు నడిపింది మన తెలుగువాడని 2020 నవంబరులో ఆయన పోయినప్పుడు చదివాను. ఏనుగ శ్రీనివాసులు రెడ్డి. నెల్లూరు జిల్లా గూడూరు దగ్గరి పల్లెలో 1924లో పుట్టారు. నాన్న సత్యాగ్రహంలో జైలుకు పోయారు. అమ్మ తన నగలన్నీ తీసి గాంధీగారి హరిజన నిధికి ఇచ్చేశారు. ఆ ఇంట్లో పెరిగినవాడు ఆఫ్రికా కోసం జీవితమంతా పనిచేశాడంటే నాకు ఆశ్చర్యం లేదు. అక్కడి వర్ణవివక్ష, ఇక్కడి అంటరానితనం రెండూ ఒకటేనని ఆ ఇంట్లో ఎవరికీ చెప్పక్కర్లేకపోయి ఉంటుంది. అంబేడ్కర్ కూడా 1946లో అమెరికాలోని నల్లజాతి మేధావి డు బోయిస్‌కు ఉత్తరం రాశారు, నల్లవాళ్ళ స్థితికీ అంటరానివాళ్ళ స్థితికీ ఉన్న పోలిక గురించి.

అదే మాట 2001లో డర్బన్‌లో చెప్పబోతే మన ప్రభుత్వం ఒప్పుకోలేదు. జాతివివక్ష మీద ప్రపంచ మహాసభ. దేశం నలుమూలల నుంచి, మన రాష్ట్రం నుంచి కూడా, దళితులు వెళ్ళి కులాన్ని తీర్మానంలో పెట్టమని అడిగారు. కులం జాతి కాదు, ఇది మా ఇంటి వ్యవహారం అంది మన ప్రభుత్వం. చివరి తీర్మానంలో కులం మాట లేకుండానే సభ ముగిసింది. ఇంటి వ్యవహారం అనే మాట దక్షిణాఫ్రికా ప్రభుత్వం కూడా ఐక్యరాజ్యసమితిలో దశాబ్దాల పాటు అంది. అప్పుడు కాదని గట్టిగా వాదించింది మనమే. ఆ వాదన సరైనది. డర్బన్‌లోనూ అదే సరైనది.

మా సమాధుల దొడ్డి దారి సంగతి ఇంకా తేలలేదు. రాజీ కాగితంలో "దారి మామూలుగా ఉంటుంది" అని రాశారే గానీ రికార్డులో ఎక్కించలేదు. ఆసామి పొలం చేతులు మారింది. కొత్తగా కొన్నవాళ్ళు మంచివాళ్ళే, ఆపరు, కానీ ఏటా గట్టు కొంచెం కొంచెం లోపలికి జరుగుతోంది, ఇప్పుడు నలుగురు పక్కపక్కన నడిచే వెడల్పు లేదు. 2022లో పల్నాడు జిల్లా వచ్చి కలెక్టరేటు నరసరావుపేటకు రావడంతో, గుంటూరు దాకా పోయే బాధ తప్పింది. సర్వే చేసి రాళ్ళు పాతమని, డొంకను ఎఫ్‌ఎంబీలో (పొలాల కొలతల పుస్తకంలో) చూపించమని సోమవారం అర్జీల్లో పెడుతూనే ఉన్నాం. మా బాబాయి కొడుకు మనవరాలు బీటెక్ చదువుతోంది, పాత గ్రామపటం నకలు తీయించింది. అందులో డొంక గీత ఉంది. సర్వేయరు వచ్చే రోజుకు ఆ నకలు పట్టుకుని పల్లె నుంచి ఎవరెవరు నిలబడాలో పేర్లు రాసుకున్నాం.